మన ఇంటి చిట్టా

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం సభ్యులు మదనపల్లెలో జరుపుకొన్న ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. నాకు ముందు మాట్లాడినవారు కరువు భత్యం గురించీ, రావలసిన బకాయిల గురించీ చెప్పారు. నా తరువాత డాక్టరుగారు మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతారు. ఈ రెండు నొప్పుల నడుమ నన్ను కూర్చోబెట్టడంలో కార్యదర్శిగారి ఉద్దేశం నాకు అర్థమైంది. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తీర్పు చెప్పింది కాబట్టే మనం ఈ రోజున పండుగ చేసుకొంటున్నాం. అందుకని ఈ పూట లెక్కల మాటే మాట్లాడతాను. అయితే అది ట్రెజరీకి సంబంధించిన లెక్క కాదు.

నేను 1974 డిసెంబరులో కుప్పంలో ఉద్యోగంలో చేరి, పుంగనూరు, మళ్ళీ కుప్పం తిరిగి, 2009లో మదనపల్లెలో రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వపు లెక్కలు రాశాను. చలానాలు, బిల్లులు, క్యాష్ బుక్కులు. రోజు ముగిసేటప్పటికి పైసాతో సహా సరిపోలాలి. సరిపోలకపోతే రాత్రి తొమ్మిదైనా లేచేది లేదు. అంతటి మనిషిని, మా ఇంటి చిట్టాలో ఒక్క పంక్తి కూడా రాయలేదు. పిల్లవాడు మొదటి అడుగు ఎప్పుడు వేశాడో, మా నాయన చివరిసారి మా ఇంటికి ఏ పండుగకు వచ్చాడో అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ పని నా భార్య చేసింది. చేస్తున్నదని నాకు తెలియదు.

మన ఇళ్ళలో వంటింటి గోడకు తగిలించే తెలుగు క్యాలెండరు మీకు తెలుసు. నెలకొక కాగితం. పెద్ద అంకె, దానికింద తిథి, నక్షత్రం, వర్జ్యం. మా ఇంట్లో దానికి దారంతో ఒక పెన్సిలు ముక్క కట్టి ఉండేది. పాలు రాని రోజున ఆ గడిలో ఒక సున్న. గ్యాసు సిలిండరు వచ్చిన రోజున గ్యా అనే అక్షరం. ఆమె పాల లెక్క రాసుకొంటున్నదనే నేను అనుకొన్నాను. ప్రతి ఉగాదికి పంచాంగం మార్చినట్టే, జనవరి ఒకటిన పాత క్యాలెండరు దింపి కొత్తది తగిలించేది నేనే. దింపిన కాగితాలు పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికి బాగుండేవి. మిగిలినవి పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేవాణ్ణి. అలా ఇరవై ఏడు క్యాలెండర్లు వేశాను. లెక్కల మనిషిని గనుక ఆ సంఖ్య మాత్రం ఖచ్చితంగా చెప్పగలను.

ఆమె 2020లో పోయింది. మరుసటి ఏడాది అటక మీది ఇత్తడి గిన్నెలు దింపుతుంటే, ట్రంకు పెట్టెకు అడుగున పరచిన కాగితాలు కనబడ్డాయి. 1996వ సంవత్సరపు క్యాలెండరు. పన్నెండింటిలో తొమ్మిది నెలలున్నాయి. ఏప్రిలు, ఆగస్టు, డిసెంబరు లేవు. అటక మీదనే కూర్చొని చదివాను. గడి అంగుళం కూడా ఉండదు. అందులో మూడు నాలుగు మాటలు. “చింతపండు 18 కిలోలు.” “బాబుకు జ్వరం 102.” “అవ్వ వచ్చె.” “అవ్వ ఊరికిపాయ.” జూన్ నెలలో వరుసగా మూడు గళ్ళలో “వాన, వాన, వాన.” జూలైలో ఒక గడిలో “ఆయన కుప్పం.” ఆ రోజున నాకు బదిలీ అయింది. పిల్లల చదువు చెడుతుందని కుటుంబాన్ని పుంగనూరులోనే ఉంచి, పలమనేరులో బస్సు మారి వెళ్ళి కుప్పంలో చేరాను. ఆ గడి తరువాత ప్రతి శనివారం గడిలో చిన్న టిక్కు ఉంది. నేను వచ్చిన శనివారాలవి. నాలుగింటిలో టిక్కు లేదు. ఆ నాలుగు వారాలు ఎందుకు రాలేదో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఇంకొక గుర్తు ఉంది. సున్న చుట్టి నడుమ చుక్క. నెలకొకటి చొప్పున తొమ్మిది కాగితాల్లో తొమ్మిది. పాల సున్నకు చుక్క లేదు. అమ్మాయిని అడిగాను, తెలియదంది. పుంగనూరులో మా పక్కింటి అక్క ఉంది, ఎనభై దాటిన మనిషి. ఆమెకు తీసుకెళ్ళి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, “ఇది చీటీ కదప్పా. మా వీధి ఆడోళ్ళమంతా కలిసి ఏసుకొంటిమి. నీకు చెప్పలేదా?” అంది.

చెప్పలేదు. 1997లో మా అమ్మాయి కాలేజీ ఫీజుకు ఏడువేలు తక్కువ పడింది. నేను లోను పెట్టుకొందామని తిరుగుతుంటే, ఆమె డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది. “యాడిది?” అంటే “ఉన్నింది” అని ఊరుకొంది. మా బావమరిది ఇచ్చి ఉంటాడనీ, నాతో మాట కూడా చెప్పకుండా పుట్టింట చెయ్యి చాచిందనీ నేను లోలోపల నొచ్చుకొన్నాను. ఏడాదిన్నర ఆ బావమరిది గడప తొక్కలేదు. వాళ్ళ ఇంట గృహప్రవేశమైతే జ్వరమని చెప్పి పడుకొన్నాను. ఆమె ఒక్కతే పోయి వచ్చింది. ఒక్క మాట అనలేదు.

పక్కింటి అక్క దగ్గరి నుండి నేరుగా బావమరిది ఇంటికి వెళ్ళాను. సంగతంతా చెప్పాను. ఆయన నవ్వి, “ఏంది బావా, పాతికేండ్ల మాట ఇప్పుడెత్తినావు. అప్పుడు నీకు నిజంగా జొరమనే అనుకొంటిమి” అన్నాడు. మా చెల్లెమ్మ కాఫీ తెచ్చింది. ఆ కాఫీ 1997లో తాగవలసింది.

తూకానికి వేసిన ఇరవై ఏడు క్యాలెండర్లలో ఇంకేముండిందో నాకెవరూ చెప్పలేరు. ఆ తరువాతనే నేను ఇంటి చిట్టా మొదలుపెట్టాను. దాని గురించే మీకు మనవి చేయదలచుకొన్నాను.

ఇది మనకు కొత్త పని కాదు. మన వైపు కరణాలు ఊరి సంగతులు కవిలెల్లో రాసుకొనేవారు. కర్నల్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా సేకరించిన కైఫీయతులకు ఆ కవిలెలే ఆధారం. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అన్న మాటలు ఈనాటికి మనకు తెలుస్తున్నాయంటే ఎవరో ఒక కరణం ఓపిగ్గా రాసుకొన్నందువల్లనే. 1984లో కరణాల పదవులు పోయాయి, రాసే అలవాటూ పోయింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. మన వంటి ఉద్యోగస్థుడే. 1830 మేలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ప్రతి మజిలీలో ఎంత దూరం నడిచిందీ, నీళ్ళు ఎలా ఉన్నదీ, ఏయే సరుకులు దొరికిందీ రాసి పెట్టాడు. 1838లో అది కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంగా వచ్చింది. ఆ రోజున మామూలు సరుకుల మాట కదా అని ఊరుకొని ఉంటే మనకు ఆ కాలం తెలిసేది కాదు.

కాగితం ముక్కలు అంటించుకొనే పుస్తకాన్ని ఇంగ్లీషువాళ్ళు స్క్రాప్ బుక్ అంటారు. మార్క్ ట్వేన్ అనే హాస్య రచయిత ముందే జిగురు పూసిన పేజీలతో ఒక స్క్రాప్ బుక్ తయారుచేసి, 1873లో దానికి పేటెంటు కూడా పుచ్చుకొన్నాడు. పేజీ తడిపి అంటించడమే. రచయితలకు కూడా జిగురుతో డబ్బు వస్తుందని దానివల్ల తెలుస్తున్నది.

తేదీ విషయం ఒకటి చెప్పాలి. ఈ మదనపల్లెలోనే జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టారు. రెవెన్యూ శాఖలో పనిచేసి 1907లో పెన్షను పుచ్చుకొన్న నారాయణయ్యగారి కుమారుడు. పుట్టింది 1895 మే నెలలో. కొన్ని పుస్తకాల్లో 11వ తేదీ అని ఉంటుంది, కొన్నింటిలో 12 అని ఉంటుంది. రెండూ తప్పు కాదు. ఆయన పుట్టింది అర్ధరాత్రి దాటిన తరువాత. మన పద్ధతిలో తెల్లవారేదాకా పాత రోజే లెక్క. ఇంగ్లీషు లెక్కకు అర్ధరాత్రికే కొత్త తేదీ. ప్రపంచమంతా తెలిసిన మనిషి పుట్టిన రోజుకే ఇంత తికమక ఉంటే మన ఇళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత తిథి, ఇంగ్లీషు తేదీ, గంట, మూడూ రాయండి. తెల్లవారుజాము అని రాస్తే చాలదు. మూడున్నర అని రాయండి.

ట్రెజరీలో ఉండగా నేను చూసిన బాధ ఇంకొకటి ఉంది. భర్త పోయిన ఆడమనిషి కుటుంబ పెన్షను కోసం వస్తుంది. పెన్షను ఆర్డరులో పేరు ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి, రేషను కార్డులో ఒకటి. పుట్టిన తేదీ అడిగితే, “పెద్ద వానొచ్చిన ఏడాదంట” అంటుంది. వయసు పెరిగే కొద్దీ వచ్చే అదనపు పెన్షనుకు కూడా ఆ తేదీయే ఆధారం. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ ఆవిడ పేరు అన్ని కాగితాల్లో ఒకే తీరున ఉన్నదో లేదో చూడండి. చూసి చిట్టాలో మొదటి పేజీలో రాయండి. ఇది నా ప్రసంగంలో భాగం కాదు, పాత అలవాటు కొద్దీ చెప్పాను.

ఇక పద్ధతి. రోజూ డైరీ రాయమని నేను చెప్పను. ఎల్.ఐ.సి. డైరీలు మనందరి ఇళ్ళలో ఉన్నాయి. జనవరి ఒకటిన చక్కని చేతిరాత, సంక్రాంతికి కొంచెం వంకర, రథసప్తమికి తెల్ల కాగితం. ఆ తరువాత చాకలి పద్దు. నేను ఋతువుకొకసారి రాస్తాను. ఆరు ఋతువులు, ఏడాదికి ఆరుసార్లు. ఒక మధ్యాహ్నం కూర్చొంటే సరిపోతుంది. పెద్ద లెడ్జరు సైజు పుస్తకం తీసుకొన్నాను. ఎడమ పేజీలో అంటించడం, కుడి పేజీలో రాయడం. జమ, ఖర్చు పేజీల అలవాటు పోలేదు మరి.

హేమంతం నాకు అన్నిటికంటె ఇష్టం, అందుకని దానికి పేజీలు ఎక్కువ పడతాయి. మన మూడు ఊళ్ళలోనూ చలికాలమంటే అనపకాయ. రాత్రి అనపగింజలు నానబెట్టి, పొద్దున బొటనవేలితో చిటుక్కున పితికి పప్పు తీయాలి. పితికిపప్పు కూరలోకి సంగటి ఉంటే పండుగే. కూర రుచి అందరికీ తెలిసిందే, అది రాయనక్కరలేదు. పితికేటప్పుడు పళ్ళెం చుట్టూ ఎవరెవరు కూర్చొన్నారో, ఏం మాట్లాడుకొన్నారో అది రాయాలి. పితకడానికి గంటన్నర పడుతుంది. టీవీ కట్టేస్తే ఆ గంటన్నరలో ఇంటి చరిత్రంతా బయటికి వస్తుంది. పోయినేడు మా పెద్దక్క వచ్చి కూర్చొని, మా అమ్మ పెండ్లికి కుప్పం రైలు స్టేషనులో దిగిన మగపెండ్లివారిని తీసుకురావడానికి పదకొండు ఎద్దుల బండ్లు కట్టారని చెప్పింది. డెబ్బై ఏళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనపగింజ వేలికి తగిలితే గుర్తొచ్చింది. నేను లేచి పుస్తకం తెచ్చుకొంటే, “ఇదేందిరా, సాక్ష్యం రాసుకొంటావా?” అని నవ్వింది. రాసుకొన్నాను. కింద ఆమె చేత సంతకం పెట్టించాను.

శిశిరంలో పుంగనూరు వైపు చింతపండు. కాయ దులపడం, పెంకు తీయడం, గింజ కొట్టడం. చేతులు నల్లబడిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. మనిషి ముఖం లేదు, చేతులే. మా అవ్వవని మా పెద్దక్క గాజుల్ని బట్టి పోల్చుకొంది. పుంగనూరు పొట్టి ఆవు పక్కన మా అబ్బాయి నిలబడిన ఫోటో కూడా ఆ పేజీలోనే ఉంది. వాడికి అప్పుడు ఏడేళ్ళు, ఆవు వాడి భుజం దాకా వస్తుంది. పక్కింటివాళ్ళ ఆవు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఇప్పుడు దేశమంతా ఆ ఆవు కోసం వెతుకుతున్నారు, మా ఇంట్లో ఉన్న సాక్ష్యం అదొక్కటే.

వేసవిలో అంటించవలసిన సామాను ఎక్కువ. నేను మొట్టమొదట దాచేది కరపత్రం. మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం మహాభారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపసు మాను ఎక్కడం, చివర దుర్యోధన వధ, నిప్పులు తొక్కడం. దాని కరపత్రంలో ఏ రోజు ఏ ఘట్టమో, హరికథ చెప్పేదెవరో, ఆ రాత్రి ఉభయదారులెవరో అచ్చులో ఉంటుంది. ఏ ఊరి చరిత్ర పుస్తకంలోనూ ఆ పేర్లు దొరకవు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పం తిరుపతి గంగమ్మ జాతర కరపత్రాలు కూడా అంతే. రంగుల కాగితం మీద అచ్చు వేస్తారు, ఎండకు వెలిసిపోతుంది. పుస్తకంలో మూసి ఉంచితే నిలుస్తుంది. పిల్లల్ని హార్సిలీ హిల్సుకు తీసుకెళ్ళిన బస్సు టికెట్టు అంటించండి. కానీ కింద మాట రాయండి. మా ఆల్బంలో “కొండ మీద, 1983” అని ఒక ఫోటో ఉంది. హార్సిలీ కొండా, తిరుమల కొండా, బోయకొండా? మా అబ్బాయి గుండుతో ఉన్నాడు గనుక తిరుమల అంటుంది అమ్మాయి. వాడికి గుండు బోయకొండలో కూడా కొట్టించాం. ఇద్దరూ ఒప్పుకోవడం లేదు.

వర్షాకాలానికి మొదటి వాన తేదీ, చెనక్కాయలు విత్తిన తేదీ. సొంత సేద్యం లేనివాళ్ళు కూడా రాయండి, ఊరంతా ఆ వాన కోసమే చూస్తుంది గదా. బడి తెరిచిన రోజున మనుమల ఎత్తు. మేము తలుపు చట్రం మీద పెన్సిలుతో గీతలు పెట్టేవాళ్ళం. 2004లో ఇంటికి రంగులు వేయించినప్పుడు ముగ్గురు పిల్లల బాల్యం ఒక్క పూటలో ఎనామెలు కిందికి పోయింది. రంగులకు డబ్బు ఇచ్చింది నేనే. మీ ఇంట్లో అలాంటి గీతలుంటే టేపు పెట్టి కొలిచి పుస్తకంలోకి ఎక్కించుకొన్న తరువాతనే పెయింటరును పిలవండి.

శరత్తు, దసరా, దీపావళి మీకు తెలిసినవే. నవంబరు వానల మాట చెప్పి దాటుతాను. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయినవారి మాట ఏమని చెప్పగలం. బతికినవారిలో ఎందరికో పోయినవారి ఫోటో ఒక్కటైనా మిగలలేదు. అప్పటినుండి నేను చిట్టా పేజీలు ఏడాదికొకసారి జిరాక్సు తీయించి ఒక ప్రతి అమ్మాయి ఇంట్లో పెడుతున్నాను. అబ్బాయి స్కాను చేసి దాచుకొంటానన్నాడు. దాచుకోనీ. నేను కాగితాన్ని నమ్ముతాను, వాడు ఫోనును నమ్ముతాడు. రెండు చోట్ల ఉండడమే కావలసింది.

కుప్పం సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ ఊరికి ఒక పక్క తమిళ దేశం, ఒక పక్క కన్నడ దేశం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టడం ఊరికే జరగలేదు. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు అరవం మాట్లాడేది, ఎదురింటివాళ్ళు కన్నడం. మా పెద్దపిల్ల మూడేళ్ళ వయసులో మా అమ్మను అవ్వ అని, ఓనరమ్మను పాటి అని, ఎదురింటామెను అజ్జి అని పిలిచేది. ముగ్గురూ నాన్నమ్మలే అనుకొంది పాపం. మీ ఇళ్ళలో పిల్లలు మాట్లాడే ఈ కలగలుపు మాటలు రాసి పెట్టండి. నాలుగేళ్ళు నిండి బడికి పోతే ఆ భాష మాయమవుతుంది. దాన్ని ఏ నిఘంటువులోనూ వెతుక్కోలేం.

అంటించే పని గురించి నాలుగు జాగ్రత్తలు. నేను చేసిన తప్పులే ఇవి. సెల్లో టేపు వాడకండి, అయిదారేళ్ళకు పసుపుపచ్చనై ఊడిపోతుంది, మరక మాత్రం ఊడదు. ఫోటో వెనక జిగురు పూయకండి. పేజీకి నాలుగు గాట్లు పెట్టి మూలలు దూర్చండి, లేదా కాగితంతో చిన్న మూలలు కత్తిరించి అతికించండి. కావలసినప్పుడు తీసి వెనక రాసింది చదువుకోవచ్చు. ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో రాయాలి. బాల్ పెన్ను నొక్కి రాస్తే ముఖం మీద గీత లేస్తుంది. ప్లాస్టిక్ పొర ఎత్తి అంటించే ఆల్బములు 1980లలో, 90లలో మనమందరం కొన్నాం, పెండ్లిళ్ళకు కానుకలు కూడా ఇచ్చాం. వాటి జిగురు ఎండి ఫోటోను పట్టుకొంటుంది. లాగితే చిరుగుతుంది. సన్నని దారం ఫోటో కిందుగా మెల్లగా జరిపితే చాలావరకు ఊడి వస్తుంది. షాపు బిల్లులు, ఏ.టి.ఎం. చీటీలు దాచాలంటే జిరాక్సు తీయండి, ఆ వేడి కాగితం మీది అచ్చు రెండేళ్ళకు మాయమవుతుంది. అసలు దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, పెన్షను ఆర్డరు, వీటిని మాత్రం పుస్తకంలో అంటించవద్దు. పుస్తకం మనుమల చేతికి పోతుంది, దస్తావేజు పోకూడదు. పురుగు పట్టకుండా మా అమ్మ తాటాకు పుస్తకాల నడుమ వస కొమ్ములు పెట్టేది. నేను గుడ్డలో కట్టి బీరువాలో ఆ పక్కనే పెడుతున్నాను. ఇంతవరకు పురుగు రాలేదు. వస వల్లనో, బీరువా వల్లనో చెప్పలేను.

ఫోనుల్లో వేల ఫోటోలున్నాయి కదా, ఈ తాపత్రయమంతా ఎందుకని మా అబ్బాయి అన్నాడు. నిజమే. వాడి ఫోనులో ఎనిమిదివేల ఫోటోలున్నాయి. అందులో వాళ్ళ అమ్మది వెతకమంటే పది నిమిషాలు పట్టింది. దొరికినదాంట్లో ఆమె పక్కకు చూస్తూ, ఫోటో తీయవద్దని చెయ్యి అడ్డం పెడుతున్నది. ఋతువుకు పది ఫోటోలు కాగితం మీద తీయించి ఇవ్వమని చెప్పాను. ఇస్తున్నాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టిన ఫోటో కూడా తీయించాను.

మంచి మాటలే రాయాలా అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. అన్నదమ్ముల పంపకాలు, అలకలు రాస్తే తరువాత తగాదాలకు సాక్ష్యమవుతుందని ఆయన భయం. ఆ భయం సరియైనదే. ఇంకొకరి తప్పులు నేను రాయను. నా తప్పులు రాస్తాను. బావమరిది గృహప్రవేశానికి పోకపోయిన సంగతి 1997 పేజీలో రాశాను. ఆయనకు చూపించి, ఆయన చదివిన తరువాతనే పుస్తకం మూశాను. ఆయన దానికింద ఒక మాట రాశాడు. ఏం రాశాడో ఆయన ఇంకా అందరికీ చూపించమనలేదు గనుక ఆ పేజీకి క్లిప్పు పెట్టాను.

నా పుస్తకం, ఆ తొమ్మిది క్యాలెండరు కాగితాలు హాలు వెనక బల్ల మీద పెట్టాను. కాఫీ గ్లాసులు మాత్రం కొంచెం దూరంగా పెట్టుకోండి. దాని పక్కనే ఒక గ్రూపు ఫోటో ఉంది. 1976లో కుప్పంలో మా ఆఫీసరుగారి బదిలీ సందర్భంగా తీయించింది. మొత్తం పదకొండుమంది. ఏడుగురి పేర్లు వెనక పెన్సిలుతో రాశాను. మిగిలిన నలుగురి పేర్లు చెప్పగలవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ సభలోనే ఉండాలి. రెండో వరుసలో ఎడమనుండి మూడో ఆయన గళ్ళ చొక్కా వేసుకొన్నాడు, చేతిలో గొడుగు ఉంది. నాకు ఏడాదిపాటు రోజూ టిఫిను క్యారియరులో సగం పెట్టిన మనిషి. ముఖం నిన్న చూసినట్టుంది, పేరు రావడం లేదు. కుప్పం నుండి వచ్చిన పెద్దలు డాక్టరుగారి ప్రసంగం కాగానే దయచేసి ఒకసారి ఆ బల్ల దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాను. పెన్సిలు అక్కడే దారంతో కట్టి ఉంచాను.